నీళ్లలో బటన్ నొక్కాలా... ఊపిరి ఊదాలా?

"ఈ వయసులో నీకు సముద్రంలో మునకలేమిటమ్మా? కార్తీకమాసంలో గోదాట్లో మూడు మునకలేస్తే పుణ్యమన్నా దక్కేది" అన్నారు మా అత్తగారు. 2019లో, నా నలభై ఆరో ఏట, అండమాన్ వెళ్లి స్కూబా డైవింగ్ నేర్చుకుంటానన్నప్పటి మాట ఇది. మావారైతే పేపర్లోంచి తల కూడా ఎత్తకుండా "తిరుగు టికెట్ కూడా చేయించుకో" అన్నారు. ఆ మాటలో ప్రేమెంతో, వెటకారమెంతో ఇప్పటికీ తేలలేదు నాకు.

మోకాళ్ల నొప్పులకి ఈత మంచిదని డాక్టరు చెబితే నలభై దాటాక రాజమండ్రిలో ఈత నేర్చుకున్నదాన్ని. అది చూసి మా అమ్మాయి నన్ను డైవింగ్‌కి లాగింది. అప్పట్నుంచి ఎక్కడ పెళ్లికెళ్లినా, పేరంటానికెళ్లినా నా చుట్టూ నలుగురు చేరతారు. "షార్కులుంటాయా?", "ఊపిరాడకపోతే ఎలా?", "ముక్కులోకి నీళ్లు పోవా?" అని అడుగుతారు. అందరివీ ఇవే ప్రశ్నలు. అసలు అడగాల్సింది మాత్రం ఒక్కరూ అడగరు. నీళ్లలో పైకి పోకుండా, అడుక్కి జారిపోకుండా ఉన్నచోటే ఆగడానికి డైవర్లు ఒక బటన్ నొక్కుతారు. నొక్కితే ఒంటికి కట్టుకున్న సంచిలోకి గాలి వస్తుంది. ఆ బటన్ లేకపోతే డైవింగ్ చెయ్యలేమా?

నాకూ ఆ అనుమానం రాలేదండీ. 2023 జనవరిలో ఆ బటనే వచ్చేలా చేసింది.

జాకెట్ అంటే మన జాకెట్ కాదు!

ముందు సామాను సంగతి చెప్పాలి. వీపున సిలిండరు. అందులో ఆక్సిజన్ ఉంటుందనుకుంటారు చాలామంది. కాదు, మనం పీల్చే మామూలు గాలే. కాకపోతే ఇంచుమించు 200 రెట్ల ఒత్తిడితో కూరి ఉంటుంది. మన గ్యాస్ సిలిండర్ మీద రెగ్యులేటర్ ఉన్నట్టే దీనికీ ఒకటుంటుంది. ఆ ఒత్తిడిని తగ్గించి నోటికందిస్తుంది. నడుముకి సీసం బిళ్లల బెల్టు. ఒంటికి చేతుల్లేని కోటు లాంటిది తొడుగుతారు. దాన్ని వాళ్లు జాకెట్ అంటారు, బీసీడీ అని కూడా అంటారు. మొదటిరోజు మా గురువు "జాకెట్ బిగించుకోండమ్మా" అంటే నేను ఉలిక్కిపడి అమ్మాయి వంక చూశాను. అది పడీపడీ నవ్వింది.

ఆ జాకెట్ లోపల గాలి సంచి ఉంటుంది. ఎడమ భుజం మీంచి ముడతల గొట్టం ఒకటి వేలాడుతుంది. దాని చివర రెండు బటన్లు. ఒకటి నొక్కితే సిలిండర్లోని గాలి సన్నటి పైపు గుండా సంచిలోకి బుస్సుమని వస్తుంది. దీన్నే పవర్ ఇన్‌ఫ్లేటర్ అంటారు. పవర్ అన్నారు కదాని కరెంటో బ్యాటరీయో అనుకునేరు, సిలిండర్ గాలి ఒత్తిడే దాని పవర్. రెండో బటన్ నొక్కి గొట్టం పైకెత్తితే సంచిలో గాలి బయటికి పోతుంది. ఆ రెండో బటనే నొక్కిపట్టి, గొట్టం చివర మూతి పెట్టి ఊదితే మన ఊపిరి సంచిలోకి వెళ్తుంది. అంటే యంత్రం చేసే పని నోటితోనూ చెయ్యొచ్చన్నమాట. నేర్చుకునేటప్పుడు ఇది అందరి చేతా చేయిస్తారు. నేనూ చేశాను. పరీక్ష అయ్యాక లెక్కలు మర్చిపోయినట్టు మర్చిపోయాను.

ఇంత అవస్థ ఎందుకంటారా? మీరెప్పుడైనా శీలావతి చేపనో, బొచ్చె చేపనో శుభ్రం చేస్తుంటే లోపల తెల్లటి గాలి బుడగ కనిపిస్తుంది చూడండి. పిల్లలు దాన్ని కాలితో తొక్కి టప్పుమనిపిస్తారు. చేప నీళ్లలో కదలకుండా ఆగేది ఆ బుడగ వల్లే. అందులో గాలిని చేప తనే పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. షార్కులకి ఆ బుడగ ఉండదు, వాటికి నూనెతో నిండిన పెద్ద కాలేయం ఆ పని చేసిపెడుతుంది. మనకి ఆ రెండూ లేవు. ఉన్నవి ఊపిరితిత్తులు. డైవింగ్ మొదలుపెట్టిన తరం వాళ్లు నిజంగా వాటితోనే నెట్టుకొచ్చారు.

బటన్ లేని రోజుల్లో...

నోటికి గాలి అందించే ఈ పరికరాన్ని ఫ్రాన్సులో 1943లో తయారుచేసింది జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు. గాన్యాన్ ఇంజనీరు. ఆయన పనిచేసిన ఎయిర్ లిక్విడ్ కంపెనీతో కూస్తోకి పరిచయం దొరికింది భార్య సిమోన్ పుట్టింటి వైపు నుంచి. ఆవిడ తండ్రి ఆ కంపెనీలో పెద్ద ఉద్యోగి. అల్లుడి ముచ్చట మామగారి పలుకుబడితో తీరడం మనకే కాదు, వాళ్లకీ ఉంది! సిమోన్ ఊరికే చూస్తూ కూర్చోలేదు. స్కూబాతో నీళ్లలో దిగిన తొలి మహిళల్లో ఆవిడ ఒకరు. తర్వాత వాళ్ల పరిశోధన ఓడ కాలిప్సో మీదే ఏళ్ల తరబడి గడిపారు.

వాళ్లకి జాకెట్ లేదు. సీసం బెల్టు, ఊపిరి, అంతే. 1955లో అమెరికాలో తొలి మహిళా స్కూబా శిక్షకురాలిగా పేరు తెచ్చుకున్న డాటీ ఫ్రేజియర్ కూడా ఆ కాలం మనిషే. 1961లో ఫ్రాన్సులో మారిస్ ఫెంజీ అనే ఆయన మెడలో తగిలించుకునే గాలి సంచి తెచ్చారు. ఆ తర్వాత 1970లలో సిలిండర్ నుంచి పైపు తగిలించి బటన్‌తో నింపుకోవడం వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు అద్దెకిచ్చే ప్రతి జాకెట్‌కీ బటన్ ఉంటుంది. అది లేని డైవింగ్ ఉండేదని కొత్తవాళ్లకి తెలియను కూడా తెలియదు.

మరి వాళ్లకి లేకుండా ఎలా సాగింది? మనకి ఎందుకు సాగదు? ఇక్కడే నా కథ.

పాలు పొంగినట్టు...

2023లో మళ్లీ స్వరాజ్ ద్వీప్ వెళ్లాం, నేనూ అమ్మాయీ. పాత పేరు హేవ్‌లాక్, 2018లో మార్చారు. అక్కడ మా గురువు మన తెలుగబ్బాయే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి పోర్ట్‌బ్లెయిర్ వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో ఇప్పటికీ ఆ యాసే.

ఆరోజు పొద్దున పడవలో సామాను సరిచూసుకుంటుంటే నా జాకెట్ బటన్ నొక్కాక వెంటనే పైకి రాలేదు. కొంచెం బద్ధకంగా లేచింది. చెబుదామనుకున్నాను. ఈలోపు అందరూ తయారైపోయి కూర్చున్నారు. నా ఒక్కదాని కోసం ఇంతమందిని ఆపడమెందుకులే అనుకున్నాను. మీరే చెప్పండి, పెళ్లి బస్సులోనైనా, ఆస్పత్రి వరసలోనైనా మనం అనుకునేది ఇదే కదూ?

పద్నాలుగు మీటర్ల లోతులో ఉన్నాం. కింద పగడాలు. కాస్త కిందికి జారుతున్నట్టనిపించి బటన్ నొక్కాను. గాలి వచ్చింది. వేలు తీశాను. గాలి ఆగలేదు.

చెవి పక్కనే బుస్సుమని ఒకటే చప్పుడు. జాకెట్ పక్కటెముకల్ని బిగించేస్తోంది. చూస్తుండగానే మా అమ్మాయి నా కాళ్ల కిందికి వెళ్లిపోయింది. అది కిందికి పోవడం కాదు, నేను పైకి పోతున్నాను.

ఇందులో ప్రమాదమేమిటో చెప్తాను. సముద్రంలో ప్రతి పది మీటర్లకీ, నేలమీద మనమీద ఉన్నంత గాలి ఒత్తిడి ఇంకొకటి కలుస్తుంది. అంటే పది మీటర్ల లోతులో ఒక లీటరు ఉన్న గాలి పైకొచ్చేసరికి రెండు లీటర్లవుతుంది. జాకెట్‌లో గాలి అలా ఉబ్బేకొద్దీ మనిషి ఇంకా తేలుతుంది, తేలేకొద్దీ అది ఇంకా ఉబ్బుతుంది. పొయ్యి మీద పాలు చూడండి, సేపటివరకూ ఊరికే ఉండి, తిరిగి చూసేలోపు పొంగిపోతాయి. అచ్చం అలాగే. ఊపిరితిత్తుల్లో గాలిదీ ఇదే లెక్క. భయపడి ఊపిరి బిగబట్టామో, లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. దానికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు, నిండా పీల్చి బిగబడితే రెండు మీటర్ల నుంచి పైకొచ్చినా చాలు. అందుకే డైవింగ్‌లో మొట్టమొదట నేర్పేది ఊపిరి ఎన్నడూ బిగబట్టొద్దని.

నాకు బిగబట్టబుద్ధేసింది. నిజం. ఒళ్లంతా అదే కోరింది. ఎక్కడో గుర్తొచ్చి "ఆ..." అని గొంతులో అంటూ గాలి వదలడం మొదలుపెట్టాను. కుడిచేత్తో భుజం దగ్గరి తాడు లాగాను, సంచిలో గాలి బుడబుడమని పోతోంది. కానీ ఇటు వస్తూనే ఉందిగా! ఎడమచేత్తో పైపు కొక్కెం వెనక్కి లాగాను. రాలేదు. వేళ్లు జారాయి. మళ్లీ లాగాను. టప్పున ఊడింది. చప్పుడు ఆగింది.

చేతి గడియారం లాంటి డైవ్ కంప్యూటర్ చూసుకుంటే ఆరు మీటర్లు. మొత్తం ఎన్ని సెకన్లు పట్టిందో ఏమో, పుట్టినప్పట్నుంచీ చేసినవన్నీ గుర్తొచ్చాయి.

కథ అక్కడితో అయిపోలేదు. గాలంతా వదిలేశాను కదా, ఇప్పుడు సీసం బరువుకి కిందికి జారడం మొదలైంది. నొక్కుదామంటే పైపు ఊడదీసి ఉంది. అప్పుడు వచ్చిందండీ, 2019లో నేర్చుకుని అటకెక్కించిన విద్య. ఒక ఊపిరి పీల్చి, నోట్లోని రెగ్యులేటర్ తీసి, గొట్టం మూతికి పెట్టుకుని, బటన్ నొక్కిపట్టి ఊదాను. మళ్లీ రెగ్యులేటర్ పెట్టుకుని, నీళ్లు చిమ్మేసి, పీల్చాను. మళ్లీ ఇంకోసారి. రెండు ఊపిర్లకి ఆగాను! ఈలోపు గురువు పక్కకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటపడడానికి ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. బటన్ లేకుండానే ఆ మూడు నిమిషాలూ ఆగాను. పైకొచ్చాక తేలడానికీ నోటితోనే ఊదుకున్నాను.

పడవెక్కాక వణుకు మొదలైంది. బటన్ విప్పి చూస్తే లోపల ఉప్పు పేరుకుని ఉంది. వాడిన తర్వాత మంచినీళ్లతో సరిగ్గా కడగలేదు. అద్దె సామాను, ఎవరి చేతుల్లో ఎలా నలిగిందో. మా గురువు మొహం మాడ్చుకుని, "తప్పు మాదేనమ్మా. కానీ పొద్దున్న బటన్ బిగుసుకుందని ఒక్క మాట సెప్పకపోయారా? ఏటి మొగమాటం నీళ్ల కాడ?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

పైపు తగిలించని డైవ్

సాయంత్రం తేరుకున్నాక "బాబూ, బటన్ లేని జాకెట్ ఉంటే ఇయ్యవా?" అనడిగాను. నవ్వి, "రేపు పైపు తగిలించకుండానే దింపుతాను. అప్పుడడగండి" అన్నాడు.

పొద్దున్నే ముందు నా నడుం బెల్టు పట్టుకున్నాడు. మొదటిసారి నేర్చుకున్నప్పుడు నాకు ఎనిమిది కిలోల సీసం కట్టారు. 2023లో ఏడు. కొత్తవాళ్లు త్వరగా మునగడం కోసం నాలుగు బిళ్లలు ఎక్కువ కట్టడం చాలాచోట్ల అలవాటు. పైగా కొవ్వు నీళ్లలో తేలుతుంది, మగవాళ్ల కంటే మన ఒంట్లో అది కాస్త ఎక్కువే, కాబట్టి మనకి సీసం ఎక్కువ పడుతుందని ముందే అనేసుకుంటారు. ఈ అబ్బాయి అలా అనుకోలేదు. నిలువు లోతు నీళ్లలో జాకెట్‌లో గాలంతా తీసేయించి, మామూలుగా ఊపిరి పీల్చి నిలబడమన్నాడు. నీటి మట్టం కళ్ల దాకా రావాలిట, ఊపిరి వదిలితే మునగాలిట. నేను పీల్చినా మునిగాను! ఒక్కొక్క బిళ్లే తీస్తూ పోతే ఐదు కిలోల దగ్గర సరిపోయింది. సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ తేలికవుతుంది కాబట్టి దానికీ లెక్క వేసి ఉంచాడు.

అంటే ఇన్నాళ్లూ నేను రెండు మూడు కిలోల సీసం ఉత్తపుణ్యానికి మోసుకు తిరిగానన్నమాట. అసలు విషయం ఇదేనండీ. సీసం ఎక్కువైతే దాన్ని తేల్చడానికి జాకెట్‌లో గాలి ఎక్కువ కావాలి. ఒక కిలో సీసానికి రమారమి ఒక లీటరు గాలి. ఆ గాలి పైకెళ్తే ఉబ్బుతుంది, కిందికెళ్తే కుంచించుకుపోతుంది. దాంతో మాటిమాటికీ నొక్కాలి, మాటిమాటికీ వదలాలి. బటన్ మన తప్పుని సరిదిద్దడం లేదు, కనబడకుండా కప్పిపెడుతోంది. నా బటన్ ఇరుక్కున్నప్పుడు నేను అంత వేగంగా పైకి లేవడానికి, జాకెట్‌లో అప్పటికే ఉన్న ఆ అనవసరపు గాలీ ఒక కారణమే.

అలా పన్నెండు మీటర్లకి దిగాం. పైపు సిలిండర్ పక్కన ఊరికే కట్టి ఉంది. గురువు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. కిందికెళ్లేసరికి ఒంటిమీద రబ్బరు సూటు నొక్కుకుపోయి తేలే గుణం కాస్త తగ్గుతుంది, నిండు సిలిండర్ బరువూ ఉంటుంది. అప్పుడు మూడుసార్లు ఊదాను. అంతే! ఆ తర్వాత అరగంట పైన జాకెట్ జోలికే పోలేదు.

మిగతాదంతా ఊపిరితోనే. కొంచెం నిండుగా పీలిస్తే ఒక రెండు సెకన్లాగి ఒళ్లు నెమ్మదిగా పైకి లేస్తుంది. తాపీగా వదిలితే కిందికి దిగుతుంది. బిగబట్టడం కాదు, లోపలికీ బయటికీ నడుస్తూనే ఉండాలి, ఎక్కువ తక్కువలే మారాలి. ముందు పగడపు గుట్ట కనబడగానే బటన్ కోసం తడుముకునేదాన్ని. ఆరోజు ఊరికే ఒక ఊపిరి పీల్చాను, గుట్ట మీంచి దాటిపోయాను. ఎవరో కింద చెయ్యి పెట్టి ఎత్తినట్టు. అటుపక్క చారల చేపలు కదలకుండా నిలబడి ఉన్నాయి. నేనూ వాటి పక్కన నిలబడ్డాను. మోకాళ్ల నొప్పుల మనిషిని!

సిలిండర్ ఖాళీ అవుతూ ఒళ్లు తేలికైతే రెండుసార్లు గాలి వదిలాను. అదీ మొత్తం లెక్క.

అయితే బటన్ పీకి పారెయ్యాలా?

అక్కర్లేదు. పైకొచ్చాక అలలు మొహాన కొడుతుంటే, ఆయాసపడుతూ గొట్టంలోకి ఊదడం ఎంత కష్టమో ఒకసారి ఊదితే తెలుస్తుంది. అక్కడ బటన్ చల్లటి తల్లి. చలి దేశాల్లో మందపాటి సూట్లు వేసుకునేవాళ్లకి, లోపల తడవని పొడి సూట్ల వాళ్లకి, రెండేసి సిలిండర్లు కట్టుకుని లోతుకి దిగేవాళ్లకి గాలి హెచ్చుతగ్గులు మరీ ఎక్కువ, నోటితో ఊది నెట్టుకురావడం అయ్యే పని కాదు. మన వెచ్చటి నీళ్లలో, పలచటి సూటుతో, ఒక్క సిలిండర్‌తో పదీ పదిహేను మీటర్లు దిగే నాలాంటివాళ్లకి మాత్రం అది సౌకర్యమే గానీ ప్రాణాధారం కాదు. ఇంకో మాట, సిలిండర్‌లో గాలి అయిపోతే బటన్‌కీ గాలి ఉండదు. సరిగ్గా అవసరమైనప్పుడే అది మూగబోతుంది. అప్పుడు నోరన్నా పనిచెయ్యాలి, సీసం బెల్టన్నా విప్పి పడెయ్యాలి.

మిక్సీ కొన్నాక మా ఇంట్లో రోలు మూలపడింది, నిజమే. అలాగని రోలు పారెయ్యలేదు కదా! కరెంటు పోయిన రోజు పచ్చడి దాంట్లోనే.

నేర్చుకుందామనుకునే వాళ్లకి రెండు ముక్కలు. పైపు తగిలించకుండా దిగడం మీ అంతట మీరు చెయ్యొద్దు. తెలిసిన శిక్షకులు పక్కనుంటేనే. సీసం ఎంత కట్టారో, ఎందుకు కట్టారో అడగండి, నిలువు లోతులో పరీక్ష చేయించుకోండి. నోటితో ఊదడం, నీళ్లలో పైపు ఊడదీయడం సర్టిఫికెట్ కోసం ఒక్కసారి చేసి వదిలెయ్యకండి. ఆస్తమా, గుండె జబ్బు లాంటివుంటే ముందు డాక్టరుని అడగండి. గర్భవతులు దిగకూడదు. నెలసరి రోజుల్లో దిగొచ్చా అని గుసగుసగా అడుగుతారు చాలామంది. ఒంట్లో బాగుంటే నిక్షేపంగా దిగొచ్చు.

ఈమధ్య మా తోటికోడలు కూడా నేర్చుకుంటానని నాతో వచ్చింది. హోటల్ గదిలో మంచం మీద జాకెట్ పెట్టి, కళ్లు మూసుకుని పైపు కొక్కెం ఊడదీయడం, తగిలించడం ఇరవైసార్లు చేయించాను. "అక్కా, నువ్వు అత్తగారికంటే గట్టిదానివి" అని విసుక్కుంది. పడవలో నేను బటన్ నొక్కి చూసి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్లీ నొక్కుతుంటే మా శ్రీకాకుళం గురువు "బేగి కానీండమ్మా, సేపలు ఎల్లిపోతాయి" అంటాడు. ఉండనీ, నాకేం మొగమాటం లేదిప్పుడు.

ఆరోజు రాత్రి అత్తగారు ఫోన్ చేశారు. "ఇద్దరూ కలిసి ఎన్ని మునకలేశారు?" అనడిగారు.

"చెరో రెండు, అత్తయ్యా."

"ఇంకోటి వేసేసి రండి. మూడవుతాయి."